నాలుగో మడి

జానయ్యను ఎవరైనా నీళ్లు పారించే మనిషి అంటే ఆయనకు చిన్నతనంగా ఉండేది. పారించడంలో ఏముంది, పల్లం దొరికితే నీళ్లు వాటంతట అవే పోతాయి. వాటిని ఆపడం, పంచడం, ఎవరి వంతు ఎప్పుడో చెప్పడం, చెప్పాక ఎవరు గొణిగినా ఆ మాట మీద నిలబడడం, అదీ నీరటి పని. భువనగిరి కోటగుట్ట కనబడేంత దూరంలో ఎర్రగుంటపల్లి అని ఒక ఊరు. అక్కడ జానయ్య తాత నీరటి, తండ్రి నీరటి, ఆయనా నీరటే. చెరువు కింద ఎన్ని పొలాలుంటే అన్నిటి దాహమూ ఆ ఒక్క ఇంటి బాధ్యత.

ఇప్పుడు మీట నొక్కితే బోరు పోస్తుంది. ఎవడి నీళ్లు వాడివి, ఎవడి గొడవా ఎవడికీ పట్టదు. ఆ రోజులు వేరు. చెరువు నిండిన ఏడు తూము తీసే పొద్దున ఊరు ఊరంతా కట్ట మీదనే ఉండేది. జానయ్య గోచీ బిగించి నీళ్లలోకి దిగి, ఊపిరి బిగబట్టి మునిగి, తూముకు కొట్టిన బిరడా ఊడదీసేవాడు. ఎండి నెర్రెలిచ్చిన కాలువలోకి మొదటి నీళ్లు నురగ కక్కుతూ, ఆకులూ పుల్లలూ ముందుకు తోసుకుంటూ వచ్చేవి. ఆ నీళ్ల ముందు పిల్లలు పరుగెత్తేవాళ్లు. తడిసిన మట్టి వాసనకు ముసలివాళ్లకు కూడా ఆకలి పుట్టేది. నాట్లు వేసే ఆడవాళ్లు పాట అందుకుంటే ఆ చివరి పొలం నుంచి ఈ చివరి పొలానికి వినబడేది. పంట ఇంటికొచ్చాక ప్రతి కల్లంలోనూ నీరటి మేర అని ఒక మోపు పక్కకు తీసిపెట్టేవారు. జానయ్య దాన్ని నెత్తిన పెట్టుకొని నడిచి వస్తుంటే ఆయనకు పటేలు కంటే తానే గొప్పవాడినన్నట్లుండేది. అప్పుడు నిజంగా గొప్పవాడే అని నేనూ అంటాను.

ఆ గొప్పతనమంతా ఒకే ఒక్క మాట మీద నిలబడి ఉంది. జానయ్య వంతు తప్పి ఎవరి ఒడ్డూ తెంపడు. పొలానికి పొలానికి మధ్య ఒడ్డును మడమతో ఒక్క తొక్కు తొక్కితే చాలు, ఈ నీళ్లు ఆ మడిలోకి పోతాయి. అంత సులువైన దొంగతనం లోకంలో ఇంకోటి లేదు. అందుకే నీరటి మడమ ఎటు పోతోందో ఊరంతా కనిపెట్టే ఉండేది. అందరికంటే ఎక్కువగా కనిపెట్టేవాడు గండయ్య. ఆయన పొలం సరిగ్గా తూము పక్కన. అది తడిశాకే కిందివాళ్ల వంతు. అయినా తన నీళ్లు ఎవరో తిప్పుకుంటున్నారనే గోల ఏటా ఆయనదే. అదేం విచిత్రమో గాని, నిండుగా తినేవాడికే పక్క విస్తరి మీద అనుమానం ఎక్కువ. జానయ్య నవ్వి ఊరుకునేవాడు. తన చెయ్యి శుభ్రంగా ఉన్నవాడికి నవ్వడం తేలిక.

అరవై మూడో, అరవై నాలుగో, ఆ వానకాలంలో ఊళ్లోకి జీపు వచ్చింది. అందులోంచి దిగినతను రఘుపతి అనే కుర్ర ఆఫీసరు. కోస్తా మనిషి, హైదరాబాదులో నేలల పరిశోధన చేస్తాడు. వెంట ఏసోబు అనే కూలి మనిషి. నల్లగొండ అవతలి పల్లె అతనిది. పట్నంలో పరిశోధన పొలంలో పనిచేస్తున్నాడు, ఇంకా పక్కా నౌకరీ కాలేదు, ఈ ఏడు అవుతుందని ఆశగా ఉన్నాడు. రఘుపతి అన్ని పొలాల మట్టీ చూసి, పటేలు పొలంలో ఒక ముక్క ఎంచుకున్నాడు. ఆ నేలలో భాస్వరం బొత్తిగా తక్కువట. తక్కువ ఉన్నదాన్ని కోరి ఎంచుకునే మనిషిని ఊరివాళ్లు అదే మొదలు చూడడం.

ఆ ముక్కను నాలుగు మళ్లు చేశారు, నాలుగూ కలిసి ఒక చదరం. మూడు మళ్లకు భాస్వరం ఎరువు మూడు తీర్లుగా వేస్తారు. ఒకదాంట్లో పైన చల్లడం, ఒకదాంట్లో బురదలో కలపడం, ఇంకోదాంట్లో వేళ్ల దగ్గర లోతుగా కుక్కడం. నాలుగో మడికి ఏమీ వెయ్యరు. సగం ఎరువు నాటేటప్పుడు, మిగతా సగం పిలకలు వేసే వేళకు. ఇదంతా ఎందుకంటే, చల్లిన భాస్వరం మొక్కలోకి ఎంత పోయింది, మట్టిలో ఎంత చిక్కుకుంది, నీళ్లలో ఎంత కొట్టుకుపోయిందీ తెలుసుకోవడానికి. కలిపాక ఎరువులోని భాస్వరానికీ మట్టిలోని భాస్వరానికీ తేడా ఎట్లా తెలుస్తుందని పటేలు అడిగాడు. రఘుపతి కాసేపు ఆలోచించి, మేకల మందలో ఒక మేక మెడకు గంట కడితే మంద ఏ గుట్ట ఎక్కిందో చూడకుండానే చెప్పగలం కదా, అట్లాగే ఈ ఎరువులో కాస్త గంట కట్టిన భాస్వరం కలిపామన్నాడు. దాన్ని ఐసోటోపు అంటారు, అదీ భాస్వరమే, మొక్క రెండింటినీ ఒకేలా తింటుంది. ఆ గంట చప్పుడు మన చెవికి వినబడదు, తన దగ్గరున్న పెట్టెకు వినబడుతుంది. రెండు వారాలకొకసారి ఆ చప్పుడు సగానికి సగం తగ్గిపోతూ ఉంటుంది, ఆ లోపలే చూసుకోవాలి. గంట ఉన్న మళ్ల వడ్లు ఎవరూ తినకూడదు, కోసి గోతిలో పూడ్చిపెట్టాలి. నాలుగో మడిలో గంట లేదు కాబట్టి ఆ వడ్లు మాత్రం నీళ్లు కట్టిన మనిషివి.

నీళ్లు కట్టేది జానయ్యే కదా. నాలుగు మళ్లకూ కాలువ నుంచి వేరువేరుగా నీళ్లు పెట్టాలని, ఒక మడి నీళ్లు ఇంకో మడిలోకి చుక్క కూడా పోకూడదని రఘుపతి మరీ మరీ చెప్పాడు. నీరటికి ఆ మాట చెప్పడమేమిటని జానయ్య లోలోపల నొచ్చుకున్నాడు కూడా.

నాటిన మూడు వారాలకు మొదటి మూడు మళ్లు పిలకలు వేసి గుబురుగా లేచాయి. నాలుగోది మాత్రం నాటిన నాడు ఎన్ని నారు కర్రలో అన్ని కర్రలే, సన్నగా, పొట్టిగా, నిటారుగా నిలబడి ఉంది. ఒకే నారు, ఒకే పూట నాటింది. రోజూ నీళ్లు కట్టేటప్పుడు జానయ్య దాని వైపు చూడకుండా పోదామనుకునేవాడు, చూడకుండా ఉండలేకపోయేవాడు. ఇంక ఎట్లాగూ రెండోసారి ఎరువు వేస్తారు కదా, అప్పుడైనా సారుకు జాలి కలగకపోతుందా అని సర్దిచెప్పుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఏసోబు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని, తొట్టిలోంచి తీసి ఒకటో మడిలో చల్లాడు, రెండోదానికీ మూడోదానికీ వాటి పద్ధతిలో పెట్టాడు. నాలుగో మడి ఒడ్డు మీదుగా నడిచి అవతలికి వెళ్లిపోయాడు. అంతే. జానయ్యకు ఒళ్లు మండింది. బంతిలో కూచోబెట్టి ముగ్గురికి రెండేసిసార్లు వడ్డించి, నాలుగో విస్తరి ముందు చెయ్యి ఆపడం ఎక్కడైనా ఉందా? పెట్టకపోతే మానె, బంతిలో ఎందుకు కూచోబెట్టాలి? ఆ పనిలో కూడా ఏదో మంచి ఉండవచ్చు, చదువుకున్నవాళ్లు, వాళ్లకు తెలియదా అని ఒక మనసు చెప్పింది. కాని నీరటి ఇంట్లో పుట్టిన మనిషికి ఆ మనసు మాట వినబడలేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. ఒకటో మడికీ నాలుగో మడికీ మధ్య ఉన్నది ఒక్కటే ఒడ్డు. జానయ్య అటూ ఇటూ చూశాడు. జీవితంలో ఒడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూడడం ఆయనకు అదే మొదటిసారి. మడమతో తొక్కాడు. ఎరువు చల్లిన నీళ్లు గలగలమంటూ నాలుగో మడి మూలలోకి దిగాయి. ఆ మూలనున్న కర్రలు కదిలాయి. కాసేపు చూసి, రెండు దోసిళ్ల బురద తెచ్చి ఒడ్డు మూసేశాడు. ఇంటికి పోయి కడుపునిండా తిన్నాడు. ఆ పూట బువ్వ ఎంత బాగుందో భార్య నర్సింగమ్మతో చెప్పాడు గాని, ఎందుకు బాగుందో చెప్పలేదు.

రెండు వారాలకు రఘుపతి పెట్టె పట్టుకొని వచ్చాడు. పెట్టె మాట్లాడుతుందన్న వార్త పాకి, సగం ఊరు ఒడ్ల మీద గుమిగూడింది. దాని గొట్టాన్ని ఒకటో మడి ఆకుల దగ్గర పెడితే టిక్కు టిక్కుమని అరిచింది. రెండోదాంట్లో అరిచింది, మూడోదాంట్లోనూ అరిచింది. నాలుగో మడి దగ్గరికి వచ్చేసరికి రఘుపతి పెట్టెను ఊరికే, అలవాటుగా పెట్టాడు. అది అరిచింది.

ఆయన మడి అంతా తిప్పి చూశాడు. ఒడ్డు పక్క మూలలో చప్పుడు ఎక్కువ, అవతలికి పోయేకొద్దీ తక్కువ. నాలుగో మడిలో గంట వినబడిందంటే, దేనితో పోల్చి చూడాలో ఆ కొలబద్దే విరిగిపోయినట్లు. వానకాలమంతా చేసిన పని వృథా. తొట్టి పట్టుకొని ఆ ఒడ్డు మీదుగా నడిచింది ఏసోబు ఒక్కడే. ఒలకబోశావా అని అడిగాడు. లేదన్నాడు ఏసోబు. చెయ్యి జారి ఉంటుంది, గుర్తు తెచ్చుకో అన్నాడు. బైబిలు మీద ప్రమాణం అన్నాడు ఏసోబు. రఘుపతి కోపిష్ఠి కాడు, గొంతు కూడా పెంచలేదు. పైకి రాయక తప్పదని, ఇట్లాంటి పనిలో జాగ్రత్త లేని మనిషిని ఉంచుకోరని మాత్రం అన్నాడు. ఏసోబు ఆ రబ్బరు తొడుగులు ఒళ్లో పెట్టుకొని ఒడ్డు మీద కూలబడ్డాడు.

నోరు తెరిస్తే ఏమవుతుందో జానయ్యకు తెలుసు. గండయ్య అక్కడే ఉన్నాడు, పటేలు ఉన్నాడు, ఆయకట్టు రైతులందరూ ఉన్నారు. ఒడ్డు తెంపాననే మాట నీరటి నోట్లోంచి వచ్చిందంటే తాత నాటి నుంచి సంపాదించిన పేరు ఆ మూలలోనే కూరుకుపోతుంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. పెట్టెకు చప్పుడు వినబడుతుంది గాని, ఎవరి మడమో దానికి తెలియదు కదా. ఏసోబు ఈ ఊరివాడు కూడా కాడు, రేపు జీపెక్కి పోతాడు. ఇట్లా అన్ని దారులూ వెతికి, చివరికి ఏసోబు ముఖం చూశాడు. అనవసరంగా చూశాడు.

"సారూ, ఆయన ఒలకబోయలే. గా ఒడ్డు నేను తెంపిన. మీరంత బువ్వకు పోయినప్పుడు."

రఘుపతికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎందుకని అడిగాడు.

"ముగ్గురికి పెట్టి దాన్ని ఊకె చూసుకుంట కూసోబెడ్తిరి. ఎన్ని దినాలు చూడాలె? నా కాలు ఆగలే."

రఘుపతి తిడతాడనే అందరూ అనుకున్నారు. ఆయన పెట్టె తీసుకొచ్చి, కిందికి వంగి, జానయ్య పాదాల దగ్గర, మడమల దగ్గర, చేతుల దగ్గర గొట్టం తిప్పి చూశాడు. పెట్టె ఊరుకుంది. అంటింది ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుంది. అప్పుడు గట్టిగా ఊపిరి వదిలి, ఆ నీళ్లలో వట్టి కాళ్లతో దిగకూడదని, తన మీద నమ్మకం లేకపోయినా తన మాటైనా వినాల్సిందని అన్నాడు. ఇప్పుడు ఆ మడి వడ్లు కూడా పూడ్చాల్సిందేనని చెప్పాడు. జానయ్యకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. ఆ నాలుగు మళ్లలో మనుషుల నోటికి అందేది ఆ ఒక్కటే. జాలిపడి, దాన్నే నోటికి అందకుండా చేశాడు తను.

గండయ్య ఇట్లాంటి రోజు కోసమే పుట్టినట్లు ముందుకు వచ్చాడు.

"సర్కారు ఒడ్డే తెంపినోడు మా ఒడ్లు ఎన్ని తెంపిండో ఎవనికెరుక. సారూ, ఆ పెట్టె జర నా పొలంల గూడ పెట్టి చూడు."

రఘుపతి కుదరదన్నాడు. తాను కట్టిన గంట తప్ప ఈ పెట్టెకు ఇంకేమీ వినబడదని, ఊరి నీళ్లు ఎవరివి ఎటు పోయాయో చెప్పే యంత్రం ఎక్కడా లేదని విడమరచి చెప్పాడు. జానయ్య దొంగ అని గాని, కాడని గాని చెప్పే సాక్ష్యం లోకంలో లేదని దాని అర్థం. ఆ సాయంత్రం పటేలు వాకిట్లో పంచాయితీ జరిగింది. తూము పని గండయ్య తమ్ముడికి అప్పగించారు. ఏసోబు నౌకరీ నిలిచింది. పోయేటప్పుడు జీపు దిగి వచ్చి జానయ్య చేతులు పట్టుకొని వెళ్లాడు.

ఆ యాసంగి ఎట్లా గడిచిందో నర్సింగమ్మను అడగాలి. తెల్లవారగానే అలవాటు కొద్దీ లేచి, పార భుజాన వేసుకొని, వాకిలి దాటి, గుర్తుకొచ్చి వెనక్కి వచ్చేవాడు. కూలికి పోయినచోట ఎవరైనా ఒడ్డు చెక్కమంటే చెక్కేవాడు గాని కాలువ వైపు చూసేవాడు కాడు. పంట కల్లానికి వచ్చినప్పుడు మేర ఎవరూ తీసిపెట్టలేదు. తీసిపెట్టకపోవడం న్యాయమే, అయినా ఆ రోజు ఆయన పొద్దుగూకేదాకా అరుగు దిగలేదు.

మళ్లీ వానకాలం వచ్చింది, జీపు కూడా వచ్చింది. పాడైన పని మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. ఈసారి తమ్ముణ్ని పెట్టుకోమని గండయ్య చెప్పబోతే, రఘుపతి నీళ్లకు జానయ్యే కావాలన్నాడు. పటేలు నమ్మలేక మళ్లీ అడిగాడు.

"తప్పు చేసి దాచినవాళ్లను చాలామందిని చూశానండీ. అడక్కుండానే ఒప్పుకున్నవాణ్ని ఇతన్నొక్కణ్ణే చూశాను" అన్నాడు రఘుపతి.

ఊరంతా చూస్తుందని జానయ్యకు తెలుసు. ఊరి సంగతి అటుంచి, తన కాలిని తానే నమ్మలేని స్థితి ఆయనది. రెండోసారి ఎరువు వేసిన రోజు ఒకటో మడికీ నాలుగో మడికీ మధ్య ఒడ్డు మీద కాళ్లు ముడుచుకొని కూచున్నాడు. నర్సింగమ్మ సద్ది తెచ్చింది. ముంత మూత తీసి, ఎదురుగా సన్నగా నిలబడి ఉన్న కర్రలను చూసి, మళ్లీ మూత పెట్టేశాడు. దాని ముందు తినలేనని, ఇంటికి తీసుకుపొమ్మని చెప్పాడు. పైరుకు సిగ్గుపడే మనిషిని తను మొదటిసారి చూస్తున్నానని ఆమె విసుక్కుంది. విసుక్కుంటూనే, తనూ ఆ పూట తినలేదు.

రెండు వారాలకు పెట్టె వచ్చింది. మళ్లీ అదే జనం. ఒకటి, రెండు, మూడు మళ్లలో అరిచింది. రఘుపతి నాలుగో మడి మూలకు వచ్చి గొట్టం ఆకుల్లో పెట్టాడు. జానయ్య కళ్లు మూసుకున్నాడు. ఎప్పుడైనా ఎక్కడైనా కొట్టే ఒకటీ అరా టిక్కు తప్ప ఇంకేమీ లేదు. అవతలి మూలకు పోయాడు, మధ్యలో పెట్టాడు. ఏమీ లేదు. రఘుపతి తల పైకెత్తి నవ్వాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అది అట్లాంటి ఊరు కాదు. జనం చెదిరిపోతుంటే గండయ్య జానయ్య పక్కగా వచ్చి, ఎటో చూస్తూ, "రేపు పొద్దుగాల తూము కాడికి రా, మా తమ్మునితోని ఆ బిరడా ఊడ్తలేదు" అన్నాడు.

పోయిన పేరూ, తూము పనీ తిరిగి వచ్చాయి, సంతోషించాల్సిందే. జానయ్య సంతోషించాడు కూడా. కాని నాలుగో మడి వైపు తిరిగేసరికి ఆ సంతోషం నిలవలేదు. పేరు తనకొచ్చింది, పస్తు దానికి మిగిలింది.

ఎరువును లోతుగా కుక్కడం కన్నా బురదలో కలిపితేనే ఆ నేలలో మొక్క బాగా అందుకుందని ఆ ఏడు లెక్క తేలింది. ఆ మాట రఘుపతి ఊళ్లో అందరికీ చెప్పి పోయాడు. కోతలప్పుడు మూడు మళ్ల పైరు గోతిలోకి పోయింది. నాలుగో మడి వడ్లు చాటెడు కూడా లేవు, అవి జానయ్యకు దక్కాయి. నర్సింగమ్మ రోలు కడిగి పెట్టింది. ఆయన ఆ వడ్లు దంచనివ్వలేదు, మూట కట్టి అటక మీద పెట్టాడు. ఒక పూట తిండిని పోగొట్టుకుంటున్నాడని ఆమె కోప్పడితే, ఆయన చెప్పింది ఒక్కటే మాట.

"ఒక్కేడన్న కడుపు నిండ తిననీ దాన్ని."

తరువాతి వానకాలం ఆ వడ్లు నారు పోశాడు. ఆయకట్టు చివర తనకున్న చిన్న మడిలో ఆ నారు కోసం గొర్రెల పెంట వేశాడు, చెరువు మట్టి తోలాడు. పక్కా నౌకరీ అయిన ఏసోబు పట్నం నుంచి సంచిలో కాస్త భాస్వరం ఎరువు, గంట కట్టనిది, భుజాన మోసుకొచ్చి ఇచ్చాడు. ఇద్దరూ కలిసి చల్లారు. ఆ ఏడు చెరువు సగమే నిండింది. ఊళ్లో అందరికీ నీళ్ల మీదే కళ్లు. తూము తీసిన పొద్దున జానయ్య కాలువ వెంట నడిచాడు. నీరటి మడికి అందరి తరువాతే నీళ్లు పారాలని ఆ ఊరి కట్టుబాటు. తాత కాలం నుంచి ఆ ఇంట్లో ఎవరూ దాన్ని తప్పలేదు. ఆ రోజు జానయ్య గండయ్య పొలానికి నీళ్లు మళ్లించే మడవ తియ్యలేదు, పటేలు పొలం మడవ తియ్యలేదు. నీళ్లతో పాటు నేరుగా చివరిదాకా నడిచి, అందరూ చూస్తుండగా, ముందు తన మడికి నీళ్లు పెట్టాడు. ఆ మడి నిండేదాకా పార మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. గండయ్య తన ఒడ్డు మీద నుంచి అంతా చూసి, తన వంతు వచ్చేదాకా అక్కడే కూచున్నాడు.